హైదరాబాద్‌లో కూర్చుని హంగేరీ జిల్లా క్లబ్బు చరిత్ర రాయాలంటే

హంగేరీ ఫుట్‌బాల్ అనగానే మనకు పుష్కాష్, 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో చిత్తుచేసిన జట్టు గుర్తొస్తాయి. అదంతా బుడాపెస్ట్ కథ. దాని మీద ఇంగ్లిషులో కావలసినంత ఉంది. తెలుగులో కొత్తగా ఏదైనా రాయాలనుకునేవాళ్లు రాజధాని దాటి బయటికి రావాలి. అలాంటి క్లబ్బులను అక్కడివాళ్లు 'విదేకి' అంటారు, అంటే జిల్లాలవి. వాటి వెనక చాలావరకు ఒక కార్ఖానానో, బొగ్గు గనో, రైల్వేనో ఉంటుంది. బస్సెక్కి 'ఈసీఐఎల్' అని టికెట్ తీసుకునే హైదరాబాదీకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. ఇక్కడ ఫ్యాక్టరీ పేరే చౌరస్తా పేరైంది, అక్కడ జట్టు పేరైంది. ఫ్యాక్టరీని వదిలేసి ఈ క్లబ్బుల చరిత్ర రాస్తే స్కోర్లు మిగులుతాయి తప్ప చరిత్ర రాదు.

ఉదాహరణకు ద్యోర్ నగరపు క్లబ్బును తీసుకుందాం. బుడాపెస్ట్‌కు, వియన్నాకు మధ్య, రాబా నది డాన్యూబ్ పాయలో కలిసే చోట ఉన్న ఊరు ఇది. మిష్కోల్ట్స్, దెబ్రెత్సెన్ లాంటి వేరే ఊళ్ల క్లబ్బులకైనా పద్ధతి ఇదే.

ముందు పేరు విప్పండి

గోల్స్, కప్పుల జోలికి తర్వాత వెళ్దాం. క్లబ్బు పుట్టినప్పటి నుంచి ఎన్ని పేర్లు మార్చుకుందో, ఏ ఏడాది మార్చుకుందో ఒక కాగితం మీద వరసగా రాయండి. తర్వాతి పనంతా ఈ కాగితం మీదే నడుస్తుంది.

ద్యోర్ క్లబ్బు 1904లో అక్కడి వ్యాగన్ కార్ఖానాలో పుట్టింది. పేరులోని 'ఎతో' మూడు మాటల మొదటి అక్షరాలు. ఎద్యెతేర్తేష్ అంటే ఐకమత్యం, తొర్నా అంటే వ్యాయామం, ఒస్తాయ్ అంటే విభాగం. 1950ల్లో పేరులోకి 'వషష్' వచ్చి చేరింది. 60ల చివర్లో కార్ఖానా బ్రాండు పేరు మీద 'రాబా ఎతో' అయింది. కమ్యూనిస్టు ప్రభుత్వం పోయాక మళ్లీ 'ద్యోరి ఎతో'కు వచ్చింది. ఊరి పేరు చివరి ఆ 'ఇ' మనకు కొత్త కాదు. హైదరాబాద్ నుంచి హైదరాబాదీ ఎలాగో, ద్యోర్ నుంచి ద్యోరి, దెబ్రెత్సెన్ నుంచి దెబ్రెత్సెని అలాగే.

వషష్ దగ్గర కాసేపు ఆగాలి, ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. 1949 తర్వాత ప్రభుత్వం క్లబ్బులన్నిటినీ కార్మిక సంఘాలకు, శాఖలకు పంచేసింది. వషష్ అంటే లోహ కార్మికులు, బాన్యాస్ అంటే గని కార్మికులు, లొకొమొతీవ్ అంటే రైల్వే, హొన్వేద్ అంటే సైన్యం, దోజా అంటే పోలీసుల శాఖ. పోలీసు జట్టంటే మనకూ తెలుసు. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. అయితే ఇక్కడ శాఖ తన ఉద్యోగులతో జట్టు కట్టుకుంది, అక్కడ అప్పటికే ఉన్న ఊరి క్లబ్బును తీసుకెళ్లి శాఖ కింద పెట్టారు. ఆ దశాబ్దపు కొత్త పేరు చూసి 'కొత్త క్లబ్బు పుట్టింది' అని రాయకండి.

రెండో తప్పు ఇంకా సులువుగా జరుగుతుంది. బుడాపెస్ట్‌లో అచ్చంగా వషష్ అనే పెద్ద క్లబ్బు ఒకటుంది. 1964-65 యూరోపియన్ కప్పు జాబితాల్లో కనిపించే 'వషష్ ద్యోర్' అది కాదు, మన ద్యోర్ జట్టే. ఊరి పేరు లేకుండా వట్టి వషష్ అని ఉంటే అది రాజధానిదని మొదటి అంచనాగా పెట్టుకోండి. తర్వాత స్కోరు, ఎదుటి జట్టు చూసి ఖాయం చేసుకోండి.

పేర్ల కాగితం ఎంత చెప్పగలదో చూడాలంటే సేకెష్‌ఫెహేర్‌వార్ క్లబ్బును చూడండి. 1941లో వేట తూటాలు చేసే కార్ఖానాలో పుట్టింది. యుద్ధం తర్వాత ఆ కార్ఖానా రేడియోలు, టీవీల వైపు మళ్లి వీడియోటన్ అయింది, 1968లో జట్టూ అదే పేరు పెట్టుకుంది. ఈసీఐఎల్ టీవీ చూస్తూ పెరిగినవాళ్లకు ఆ పేరు వెనకున్న గర్వం అందుతుంది. ఆ పేరుతోనే 1985లో యూఈఎఫ్‌ఏ కప్పు ఫైనల్ దాకా వెళ్లి, సొంత ఊళ్లో రియల్ మాడ్రిడ్ చేతిలో 0-3తో ఓడి, మాడ్రిడ్‌లో 1-0తో గెలిచింది. ఆ తర్వాత స్పాన్సర్లు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చింది. తూటాలు, టీవీలు, స్పాన్సర్లు: ఆ దేశపు అరవై ఏళ్ల ఆర్థిక చరిత్ర ఒక్క జట్టు పేర్లలో దొరుకుతుంది.

వారసత్వం, సరిహద్దు

పేర్ల పట్టీ రాస్తుంటే మధ్యలో తెగిపోయిన చోట్లు వస్తాయి. దెబ్రెత్సెన్‌లో 1926 నుంచి 1940 దాకా బొచ్కయి అనే ప్రొఫెషనల్ క్లబ్బు ఉండేది, 1930లో హంగేరీ కప్పు గెలిచింది. ఇప్పుడున్న దెబ్రెత్సెన్ క్లబ్బు 1902లో పుట్టిన వేరే క్లబ్బు. రైల్వేవాళ్లది కాబట్టి దాన్ని ముద్దుగా 'లొకి' అంటారు. ఊరు ఒకటే కదా అని బొచ్కయి కప్పును లొకి ఖాతాలో వేయకూడదు. మనకూ ఈ చిక్కు తెలుసు. పుణె జట్టు స్థానంలో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. రేపు ఆ ట్రోఫీ ఏ ఊరి చరిత్రలో రాయాలి? ఇలాంటి చోట తీర్పు చెప్పకుండా, ఏ ఏడాది ఏం జరిగిందో అది రాయండి.

సరిహద్దుల సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. రాజధాని బయటి నుంచి హంగేరీ లీగ్ గెలిచిన మొదటి క్లబ్బు నాద్య్‌వారద్ ఏసీ, 1943-44లో. ఆ ఊరు ఇప్పుడు రొమేనియాలోని ఒరాదియా. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920 ట్రియనాన్ ఒప్పందంతో పోయి, 1940లో హంగేరీకి తిరిగొచ్చి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మళ్లీ పోయింది. అదే క్లబ్బు 1948-49లో ఇంకో పేరుతో రొమేనియా లీగ్ కూడా గెలిచింది. ఔరంగాబాద్, బీదర్ ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోవేనని గుర్తున్నవాళ్లకు ఇది వింతగా తోచదు. కాబట్టి 1963లో ద్యోర్ 'మొదటి జిల్లా ఛాంపియన్' అని రాసేటప్పుడు 'ఇప్పటి సరిహద్దుల్లో' అనే రెండు మాటలు చేర్చి తీరాలి.

చదవడం, టైప్ చేయడం

హంగేరియన్ ఉచ్చారణ మన నోటికి కష్టం కాదు. 'ఎస్' ఒక్కటే ఉంటే ష, పక్కన 'జెడ్' ఉంటే స. అందుకే పుష్కాష్. 'జి', 'వై' కలిస్తే విద్యలోని ద్యకు దగ్గర. మనం మాగ్యార్ అని రాసే మాటలోనూ ఆ ధ్వనే ఉంది. 'సి', 'ఎస్' కలిస్తే చెట్టులోని చ. 'సి' ఒక్కటే అయితే చాపలోని దంత్య చ. ఈ తేడా పలకడానికి ఇంగ్లిషువాళ్లు తంటాలు పడతారు, మనకు పుట్టుకతో వచ్చింది. రాసేటప్పుడు మాత్రం 'త్స' అని రాస్తే పాఠకుడు తడబడడు. నొక్కి పలకాల్సింది ఎప్పుడూ మాట మొదటి అక్షరాన్నే.

ఫోన్ కీబోర్డులో హంగేరియన్ భాష చేర్చుకోండి. 'ఓ' మీద రెండు చుక్కలు పెడితే ఒక అక్షరం, రెండు వాలు గీతలు పెడితే దాని దీర్ఘం. ద్యోర్‌లో ఉన్నది గీతలది. పాత వెబ్ పేజీల్లో ఆ గీతల బదులు అలలాంటి గుర్తు పడి ఉంటుంది, స్కాన్ చేసిన పేపర్లలో యంత్రం దాన్ని చుక్కలుగానో ఒంటి గీతగానో చదివేస్తుంది. అందుకని ఒకే మాటను నాలుగు రకాలుగా వెతకాలి: గీతలతో, చుక్కలతో, అలతో, ఏ గుర్తూ లేకుండా. ఇది చేయనివాళ్లకు సగం ఫలితాలు కనబడవు.

విభక్తులు మనలాగే మాట వెనక అతుక్కుంటాయి. ద్యోర్‌బెన్ అంటే ద్యోర్‌లో, ద్యోర్‌బోల్ అంటే ద్యోర్ నుంచి. మిష్కోల్ట్స్‌కు వచ్చేసరికి 'లో' అనే ప్రత్యయమే మారి మిష్కోల్ట్సోన్ అవుతుంది. కాబట్టి ఊరి పేరు మొదటి భాగం కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతకండి.

మెషిన్ అనువాదం వాడుకోవచ్చు, కానీ మూలం పక్కనే తెరిచి ఉంచుకోండి. హలదాష్ అనే క్లబ్బు పేరును అది 'ప్రగతి' అని, ఎలోరె అనే పేరును 'ముందుకు' అని అనువదిస్తుంది, దాంతో మ్యాచ్ వార్త అర్థం లేని వాక్యమైపోతుంది. హంగేరియన్ సర్వనామంలో ఆడ మగ తేడా లేదు, అందుకే కోచ్ గురించి రాసిన పేరాలో సగం 'ఆయన', సగం 'ఆమె' వస్తాయి. 'బుండా' అంటే నిఘంటువులో బొచ్చుకోటు. ఫుట్‌బాల్ వార్తలో మాత్రం అమ్ముడుపోయిన మ్యాచ్. 1983లో బయటపడిన పెద్ద ఫిక్సింగ్ కుంభకోణం గురించి వెతకాలంటే ఈ మాటే తాళంచెవి.

ఇంకొకటి. ద్యోరి ఎతో అని కొడితే ముందు వచ్చేవి ఆడవాళ్ల హ్యాండ్‌బాల్ జట్టు ఫలితాలు. ఆ జట్టు యూరప్ ఛాంపియన్స్ లీగ్‌ను పలుమార్లు గెలిచింది మరి. 'లబ్దారూగాష్' అంటే ఫుట్‌బాల్, 'కేజిలబ్ద' అంటే హ్యాండ్‌బాల్. మొదటిది కలిపి వెతకండి, రెండోదాన్ని మైనస్ గుర్తుతో తీసేయండి.

సీజన్ల పట్టిక

ఎక్సెల్‌లో సీజన్‌కొక వరస. 1904లో పుట్టిన క్లబ్బుకు నూట ఇరవై పైచిలుకు వరసలవుతాయి. గడులు ఇవి: సీజన్, ఆనాటి క్లబ్బు పేరు, లీగ్ అంచె, స్థానం, ఆడినవి, గెలుపు, డ్రా, ఓటమి, చేసిన గోల్స్, ఇచ్చిన గోల్స్, పాయింట్లు, కోచ్, ఈ సమాచారం దొరికిన చోటు. ఆఖరి గడి ఖాళీగా ఉన్న వరసను పూర్తయినట్టు లెక్కపెట్టకండి.

మొదటి రెండు దశాబ్దాల్లో జాతీయ పట్టికల్లో మీ క్లబ్బు కనిపించదు. కంగారుపడొద్దు. 1901లో మొదలైన లీగ్ బుడాపెస్ట్ జట్లదే, 1926లో ప్రొఫెషనల్ లీగ్ వచ్చాకే బయటివాళ్లకు తలుపు తెరుచుకుంది. అప్పటిదాకా జిల్లాలవాళ్లు తమ ప్రాంతీయ పోటీల్లో ఆడుకున్నారు. ఆ గడిలో 'ఆడలేదు' అని కాక 'ప్రాంతీయ లీగ్' అని రాయాలి.

తర్వాతి గోతి సీజన్ల లెక్క. హంగేరీలో సీజన్ కొన్నేళ్లు ఆగస్టు నుంచి జూన్ దాకా, కొన్నేళ్లు క్యాలెండర్ ప్రకారం నడిచింది. ఒకదాని నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా సగం సీజన్ ఆడి దానికీ ఛాంపియన్‌ను ప్రకటించారు: 1950 శరత్తు, 1957 వసంతం, 1963 శరత్తు, 1970 వసంతం. 1956 సీజన్ విప్లవం వల్ల మధ్యలోనే ఆగిపోయింది. ద్యోర్ మొదటి టైటిల్ సరిగ్గా 1963 శరత్తుది. కాబట్టి 1963-64 అని వెతికితే ఏమీ దొరకదు, అలాంటి సీజనే లేదు. ఆ సగం సీజన్లో 14 జట్లు, ఒక్కొక్కటి 13 మ్యాచులు. సగమే కదా అని టైటిల్‌ను చిన్నచూపు చూడకండి, ఆ అర్హతతోనే జట్టు యూరప్‌కు వెళ్లింది.

ప్రతి పట్టికనూ ఎక్కించాక కూడికతో పరీక్షించండి. 14 జట్లు ఒక్కోసారి తలపడితే మొత్తం 91 మ్యాచులు. గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు చెరొకటి కాబట్టి అన్ని జట్ల పాయింట్లూ కూడితే 182 రావాలి. గెలుపుల మొత్తం, ఓటముల మొత్తం సమానం కావాలి. చేసిన గోల్స్, ఇచ్చిన గోల్స్ కూడా అంతే. ఎక్కడ తేడా వచ్చినా ఎక్కించడంలోనో మూలంలోనో తప్పుంది. 1981-82లో 18 జట్లు రెండేసిసార్లు ఆడాయి: 306 మ్యాచులు, 612 పాయింట్లు. ఆ ఏడాది ద్యోర్ 34 మ్యాచుల్లో 102 గోల్స్ కొట్టింది, అంటే మ్యాచుకు సరిగ్గా మూడు. ఇంతటి అంకె ఎవరో ఎక్కడో రాశారని వాడకుండా, పట్టిక కుదిరాకే వ్యాసంలోకి తీసుకోండి. 1988-89కి ఈ లెక్క పనికిరాదు. ఆ సీజన్లో డ్రా అయితే పెనాల్టీలు కొట్టించి గెలిచినవాళ్లకు రెండు, ఓడినవాళ్లకు ఒకటి, మామూలు గెలుపుకు మూడు ఇచ్చారు.

పాత పేపర్లు

అక్కడి క్రీడా దినపత్రిక నెమ్‌జెతి ష్పోర్ట్ 1903 నుంచి ఉంది, సోషలిస్టు కాలంలో దాని పేరు నేప్‌ష్పోర్ట్. ఇప్పటి పేరుతోనే వెతికేవాళ్లకు ఆ నాలుగు దశాబ్దాలు దొరకవు. ద్యోర్‌కైతే ప్రాంతీయ దినపత్రిక కిషాల్‌ఫొల్ద్ ఇంకా మేలు. రాజధాని పేపరు మ్యాచ్ రాస్తుంది, ఊరి పేపరు కార్ఖానా షిఫ్టుల గురించీ స్టేడియం గోడ గురించీ రాస్తుంది. ఈ పత్రికలు ఆర్కానుమ్ అనే డిజిటల్ భాండాగారంలో ఉన్నాయి. వెతకడం ఉచితం, పేజీ మొత్తం చూడాలంటే చందా కట్టాలి. ముందు ఉచితంగా వెతికి, కావలసిన తేదీలన్నీ రాసుకుని, ఆ తర్వాతే చందా కట్టి అన్నీ ఒక్కసారిగా దింపుకోండి.

తేదీ మనకు తలకిందులుగా ఉంటుంది: ముందు ఏడాది, తర్వాత నెల, చివర రోజు. నెలను చాలాసార్లు రోమన్ అంకెలో వేస్తారు. స్కోరు పక్కన బ్రాకెట్‌లో ఉండేది విరామానికి ఉన్న స్కోరు. దాన్ని రెండో మ్యాచ్ అనుకుని పట్టికలో ఎక్కించినవాళ్లున్నారు. పేపరు తేదీ మ్యాచ్ తేదీ కాదు, వార్త మర్నాడు వస్తుంది.

మనుషుల పేర్లలో ఇంటిపేరు ముందు: హిదెగ్‌కుతి నాందోర్, వెరెబెష్ యోజెఫ్. తెలుగువాళ్లకు ఇది సహజమే కాబట్టి అలాగే ఉంచండి, ఇంగ్లిషు వరసలోకి తిప్పొద్దు. ఒకే ఇంటిపేరువాళ్లు ఉంటే పేరు పక్కన రోమన్ అంకె వేస్తారు. 'తోత్ రెండు' అంటే రెండో గోల్ కాదు, రెండో నంబరు చొక్కా కాదు, తోత్ ఇంటిపేరున్న రెండో మనిషి. క్లబ్బు మారితే ఆ అంకె మారవచ్చు, అందుకే పూర్తి పేరు తేలేదాకా ఇద్దరి గోల్స్ కలపకండి. 1930ల్లో చాలామంది జర్మన్ ఇంటిపేర్లు వదిలి హంగేరియన్ పేర్లు పెట్టుకున్నారు. పుష్కాష్ ఇంటిపేరే ముందు పుర్త్సెల్ద్. ఆ కాలపు ఆటగాడు ఒక ఏడాది ఉన్నట్టుండి మాయమైతే ఆట మానేశాడని రాయకుండా, అదే స్థానంలో కొత్తగా వచ్చిన పేరు చూడండి.

సొంత మైదానం గురించి ఊహించొద్దు. 2009-10 ఛాంపియన్స్ లీగ్‌లో దెబ్రెత్సెన్ తన 'హోం' మ్యాచులు బుడాపెస్ట్‌లో ఆడింది. యూరప్ మ్యాచ్ ప్రతిదానికీ మైదానం పేరు విడిగా చూసుకోవాలి.

రాయడం

ఇన్ని పట్టికలు కట్టాక వాటన్నిటినీ వ్యాసంలో కుమ్మరించాలనిపిస్తుంది. వద్దు. కార్ఖానాతో మొదలుపెట్టండి. ద్యోర్‌కైతే మూడు చోట్ల నింపాదిగా ఆగితే చాలు.

ఒకటి 1963-65. వెంబ్లీలో మూడు గోల్స్ కొట్టిన హిదెగ్‌కుతి ఇక్కడ కోచ్‌గా ఉండి టైటిల్ గెలిపించాడు. ఆ తర్వాత జట్టు లైప్‌జిగ్, సోఫియా, ఆమ్‌స్టర్‌డామ్ జట్లను దాటి యూరోపియన్ కప్పు సెమీస్‌కు చేరి, పోర్చుగల్ క్లబ్బు బెన్‌ఫికా చేతిలో 0-1, 0-4తో ఆగింది. రెండోది కోచ్ వెరెబెష్ కాలం, 1982, 1983 టైటిళ్లు. మూడోది 2013లో నాలుగో టైటిల్, ఆ వెంటనే పతనం. 2015లో క్వెస్టర్ అనే పెట్టుబడుల సంస్థ కూలింది. క్లబ్బూ ఆ యజమాని చేతిలోనే ఉండటంతో లైసెన్స్ రాక మూడో అంచెకు జారింది, మొదటి అంచెకు తిరిగి రావడానికి 2024 దాకా పట్టింది. జట్టు పైకెళ్లిన కాలం, దానికి డబ్బు పెట్టినవాడి కాలం పక్కపక్కన పెట్టి చూపించండి.

ఆటగాడు ఫెహేర్ మిక్లోష్ గురించి రాయాల్సి వస్తుంది. ద్యోర్‌లో ఎదిగి తర్వాత బెన్‌ఫికాకు ఆడిన అతను 2004 జనవరి 25న పోర్చుగల్‌లోని గిమరేష్‌లో ఆడుతూనే కుప్పకూలి చనిపోయాడు. వయసు 24. అతన్ని ద్యోర్‌లోనే ఖననం చేశారు. ఆ వీడియో లింకు పెట్టకండి, ఆఖరి క్షణాల వర్ణన అక్కర్లేదు. తేదీ, ఊరు, వయసు చాలు.

ఫొటోలకు ఫోర్తెపాన్ చూడండి. పాత హంగేరీ ఫొటోల ఉచిత భాండాగారం అది, ఫొటో కింద ఫోర్తెపాన్ పేరు, ఇచ్చిన దాత పేరు తప్పకుండా వేయాలి.

చివరికి తేలని రెండు మూడు ప్రశ్నలు మిగులుతాయి. వాటిని క్లబ్బు ప్రెస్ విభాగానికి ఈమెయిల్‌లో అడగండి. 'మీ చరిత్ర పంపండి' అంటే జవాబు రాదు. ఫలానా ఏడాది ఫలానా మ్యాచ్ ఏ మైదానంలో జరిగింది అని ఒక్క వాక్యంలో అడిగితే వచ్చే అవకాశం ఉంది. అక్కడ పొద్దున తొమ్మిదంటే మనకు చలికాలంలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పన్నెండున్నర. మెయిల్ ఆ వేళకు చేరేలా, సోమవారం కాకుండా మంగళ, బుధవారాల్లో పంపండి. జవాబు వస్తే పట్టిక ఆఖరి గడిలో ఆ మెయిల్ తేదీ వేయండి.